చెవుల్లో దూదితో పాడిన వేసవి

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, చిత్తూరులోని మా చర్చి వరండాలో చెప్పులు వెతుక్కుంటూ, లోపల యువజన గానబృందం సాధన చేస్తుంటే కాసేపు నిలబడిపోయాను. పిల్లలందరి చెవుల్లోనూ తెల్లటి చొక్కా గుండీల్లాంటివి ఏవో ఉన్నాయి. వాటిలో ఎవరి వంతు పాట వారికి వినిపిస్తుందట, పక్కవాడు ఏమి పాడుతున్నా తన దారి తప్పకుండా ఉండటానికట. ఆ బృందానికి కీబోర్డు వాయించే నా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఇదంతా నాకు ఓపిగ్గా వివరించింది. నేను తల ఊపుతూనే ఉన్నాను గానీ, చెయ్యి మాత్రం నన్నడగకుండా చెవి దగ్గరికి పోయింది. మా రోజుల్లో నేనూ పాడేటప్పుడు చెవుల్లో పెట్టుకున్నాను, కాకపోతే దూది. వీళ్ళు వినడానికి పెట్టుకుంటున్నారు, నేను వినకుండా ఉండటానికి పెట్టుకున్నాను. ఆ కాస్త దూది నాకు ఏమి లేకుండా చేసిందో తెలియడానికి ఈ వయసు రావలసి వచ్చింది.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలు పాటల పర్యటనకు వెళ్తున్నారు. పూతలపట్టు, బంగారుపాళ్యం, సత్యవేడు, ఎప్పుడో మేము తిరిగిన ఊళ్ళే. మేము బస్సు టాపు మీద హార్మోనియానికి అటొకరు ఇటొకరు కాపలా కూర్చుని వెళ్ళాం, వీళ్ళు చల్లటి వ్యానులో వెళ్తారు. అంతవరకు సంతోషమే. కానీ మా నాయన ఆ పాత పర్యటన కోసం సొంతంగా కట్టిన పాట ఒకటి ఉండేదని ఎవరో పెద్దవాళ్ళు చెప్పగా విని, దాన్ని మళ్ళీ పాడాలని వీళ్ళకు కోరిక పుట్టింది. ఆ సాయంత్రమే మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి ముత్తాత పాట పాడమంది. అడిగేవాళ్ళు లేక తుప్పుపట్టిన గొంతు కదా, నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. మిరియాల కషాయం తాగి, కుర్చీలో నిటారుగా కూర్చుని, ‘ఎండిన వాగున నడిచే దేవా, ఇసుకన నీ అడుగు చెమ్మ’ అని మొదలుపెట్టి చివరిదాకా పాడాను.

పిల్ల కాసేపు ఫోను వైపు, కాసేపు నా వైపు చూసింది. తర్వాత, నొప్పి తెలియకుండా ముల్లు తీసేవాళ్ళలా మెల్లగా అంది.

“తాతా, ఇది పాట కాదు. పాట కింద ఉండేది.”

“అవును మే, నేను బేసు కదా.”

“మరి మూడో లైనులో ఎందుకు నోరు మూసుకున్నావు?”

“ఆడ మాకు లేదు. ఆడ మా అక్క, మీ తిరుపతవ్వ, ఒక్కతే పాడతాది.”

“ఏమని?”

ఎంత ఆలోచించినా, ఆ చోట నాకు గుర్తున్నది వేళ్ళ మీద తాళం లెక్కపెట్టుకోవడమే.

“సరే, ఆ తర్వాత నువ్వు మళ్ళీ వచ్చి ‘అది చాలు ప్రభువా’ అంటావే. ఏది చాలు తాతా?”

లెక్కల పంతులుగా బతుకంతా పిల్లలను ప్రశ్నలడిగి, జవాబు రానివాళ్ళను బెంచీ ఎక్కించినవాణ్ణి. ఆ రోజు నన్ను ఎక్కించడానికి బెంచీ లేదు గానీ, కూర్చున్న కుర్చీలోనే నిలబడ్డట్టయింది. పిల్ల కీబోర్డు తెచ్చి, నా బేసు మీద కుదిరే వరసలు ఒకటి తర్వాత ఒకటి వాయించి చూపించింది. ప్రతిదానికీ ఇది కాదన్నాను. ఏది కాదో తెలిసేంత గుర్తుంది, ఏది అవునో తెలిసేంత లేదు.

నాలుగు గొంతుల పాట ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. ఆడపిల్లల్లో హెచ్చు గొంతు వాళ్ళు పాట వరస పాడతారు, దాని కింద ఆడపిల్లలదే ఇంకో గొంతు, దాని కింద మగపిల్లల్లో సన్న గొంతు వాళ్ళు, అందరికంటే అడుగున బేసు. ఇంటికి పునాది లాంటిది బేసు అని నాయన మమ్మల్ని ఊరడించేవారు గానీ, గృహప్రవేశానికి వచ్చి పునాది బాగుందన్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు. జతలు కుదరగా బేసిగా మిగిలినవాళ్ళను నిలబెట్టే వరుస కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని నేను చాలాకాలం నమ్మాను. విడిగా వింటే అది పాటలా ఉండదు. మేడమెట్లు ఎక్కి, ఏదో మరిచిపోయి, మళ్ళీ దిగి వచ్చే మనిషి అడుగుల చప్పుడులా ఉంటుంది.

నాయన బడిలో పంతులు, చర్చిలో గానబృందానికి గురువు. ఆ పర్యటనకు ముందటి చలికాలంలో అమ్మ పోయింది, చాలాకాలం మంచాన ఉండి పోయింది. నాయన ఏడవలేదు, ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు, ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు కాఫీ ఇమ్మని అక్కకు చెప్పి తాను బడికి వెళ్ళిపోయేవారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో మాత్రం, సాయంత్రం పూట హార్మోనియం ముందు కూర్చుని, మెట్లు ఏవీ నొక్కకుండా ఊరికే తిత్తి కదిలించేవారు. ఆ పెట్టె ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినిపించేది కాదు. పండుగ వెళ్ళాక, వేసవి పర్యటనకని చెప్పి మాకొక కొత్త పాట నేర్పడం మొదలుపెట్టారు. అది దేని గురించో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. అక్కకూ నాకూ తెలుసు. అమ్మ పోయిన సంగతి నాయన ఈ లోకంతో మాట్లాడింది ఆ ఒక్క పాటలోనే.

దాన్ని ఆయన రాసిపెట్టలేదు. స్వరాలు రాయడం ఆయనకు బాగానే వచ్చు, దొరల పాటలన్నీ తెల్లకాగితాలకు ఎక్కించి మరీ నేర్పేవారు. తన పాట కాగితానికి ఎక్కదగినదని ఆయనకు తోచి ఉండదు. నోటితోనే నేర్పారు, అదీ ఏ గొంతు వాళ్ళను ఆ గొంతుగా విడదీసి. పక్కవాళ్ళది వింటే మనది చెడుతుందని ఆయన పట్టుదల. వరస పాడే ఆడపిల్లలు చర్చి వరండాలో, రెండో గొంతు వాళ్ళు మా ఇంటి వసారాలో, సన్న గొంతు మగపిల్లలు బడి గదిలో, మేము సైకిళ్ళు పెట్టే రేకుల కొట్టంలో. మూడో లైను అక్క ఒక్కదానిదే కనుక, దాన్ని పొయ్యి దగ్గర, ఆమె వంట చేస్తుండగా నేర్పారు.

అందరూ కలిసి పాడే రోజు వచ్చేసరికి నా గుట్టు బయటపడింది. అక్క నాకంటే పెద్దది, ఉయ్యాల్లో పడుకుని నేను విన్న మొదటి గొంతుల్లో ఆమెది ఒకటి. ఆమె అందుకోగానే నా బేసు, పందిరి కనిపించిన కాకరతీగలా ఆమె వరస మీదికి పాకిపోయేది. నాయన హార్మోనియం ఆపేశారు.

“ఏందిరా ఇది, మేకపిల్ల మాదిరి అక్క ఎనకాల్నే పోతా ఉండావు? నిన్ను కట్టేసేదానికి గుంజ పాతల్లా?”

అక్క పకపకా నవ్వింది. “వాని చెవుల్లో దూది పెట్టు నాయనా. లేకుంటే నా పాట గూడా వాడే పాడేస్తాడు.”

ఎగతాళికి అన్న మాట అది. నాయన మాత్రం లేచి ఇంట్లోకి వెళ్ళి, అమ్మకు సూదులు వేయించినప్పుడు మిగిలిన దూది కట్ట పట్టుకొచ్చారు. ఆ రోజు నుంచి పాడే ప్రతిసారీ నా చెవుల్లో దూది. దానితో నేను నిజంగానే కుదురుకున్నాను. నా గొంతు నా తలలోనే గుండ్రంగా తిరిగేది, మిగతా ప్రపంచం గోడ అవతలికి జరిగిపోయింది. నాయన చెయ్యి చూసి మొదలుపెట్టడం, చెయ్యి చూసి ఆపడం. నా అంత నిక్కచ్చి బేసు జిల్లాలోనే లేడని బావ అనేవాడు. ఆయన అప్పటికి బావ కాదు, సన్న గొంతు వరుసలో నిలబడి అక్క వైపు దొంగచూపులు చూసే కుర్రవాడు, తర్వాత బావ అయ్యాడు.

ఇప్పుడు బావ లేడు. ఆనాటి బృందంలో మిగిలింది అక్కా నేనూ. ఆమె తిరుపతిలో కొడుకు దగ్గర ఉంటుంది, పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మాట పోయినవాళ్ళకు కూడా ఒక్కోసారి పాట మిగిలి ఉంటుందని, తోడు ఎవరైనా అందుకుంటే అది బయటికి వస్తుందని మనవరాలు ఎక్కడో చదివిందట. నువ్వు నీ బేసు అందుకుంటే అవ్వ తన వరస తాను అందుకుంటుంది తాతా, అంది. ఈ మధ్యకాలంలో నాకు ఎవరూ అంత ఆశ చూపించలేదు. మరునాడే ఇద్దరం తిరుపతి బస్సు ఎక్కాం.

పూతలపట్టు కూడలిలో బస్సు ఆగితే కిటికీలోంచి చూశాను. మా మొదటి కచేరీ ఇక్కడే. బస్సు కోసం కాచుకుని ఉన్నవాళ్ళు హార్మోనియం పెట్టె చూసి ఏదో నాటకమనుకుని మా వెనకే వచ్చి, తీరా ప్రార్థన అని తెలిశాక, లేచిపోవడానికి మొహమాటపడి కూర్చుండిపోయారు. అన్నిటికీ చివర నాయన పాట. మూడో లైను దగ్గర నాయన హార్మోనియం మీంచి చేతులు తీసేసేవారు, మేమంతా నోరు మూసేవాళ్ళం, అక్క ఒక్కతే పాడేది. అప్పుడు జనం ముఖాలు మారడం నేను చూశాను. బీడీ ముట్టించబోయిన ఒకాయన, అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలేవరకు దాన్ని మరిచిపోవడం చూశాను. ఆడవాళ్ళు చెంగు కళ్ళకు పెట్టుకోవడం చూశాను. చూశాను, అంతే. నా చెవుల్లో దూది, వేళ్ళ మీద తాళం, కన్ను నాయన చెయ్యి మీద, మళ్ళీ అందుకోవలసిన చోటు జారిపోతుందేమోనని భయం. ఆ వేసవి అంతా నేను ఆ పాటను కళ్ళతో విన్నాను.

బంగారుపాళ్యంలో ఇంకో తమాషా. మామిడి తింటే గొంతులు చెడతాయని, పర్యటన ముగిసేదాకా పండు ముట్టరాదని నాయన ఆంక్ష. మామిడి కాలంలో, మామిడి తోటల ఊళ్ళో! మాకు భోజనం పెట్టిన తోట ఆసామి మా చర్చివాడు కాదు, నాయన దగ్గర చదువుకున్న పిల్లల తండ్రి. విస్తళ్ళు ఎత్తకముందే బేనిషా పండ్ల గంప తెచ్చి మా మధ్యలో దించాడు.

“ఏమప్పా పంతులయ్యా, పిల్లోళ్ళు మా తోటకాడికి వచ్చి పండు ముట్టకుండా పోతే నాకు మర్యాదేనా?”

“గొంతులు పోతాయప్పా. రేపు పాడల్ల కదా.”

“అందరి గొంతులూ పోతాయా?”

నాయన మా వరుస వైపు చూశారు. “బేసోళ్ళు తినొచ్చులే. వాళ్ళ గొంతుల్లో చెడేదానికి ఇంగ ఏమీ లేదు.”

అమ్మ పోయాక నాయన హాస్యమాడటం అదే మొదటిసారి. మోచేతుల దాకా రసం కారుస్తూ మేము తిన్నాం, మిగతావాళ్ళు గుటకలు మింగారు. అక్క నా పక్కనుంచి వెళ్తూ, “తినరా, తిను. చెవులు లేకున్నా నీకు నోరన్నా ఉండాది” అంది. అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. బస్సులో ఆ మాట గుర్తొస్తే మనవరాలికి చెప్పబోయి, చెప్పకుండా కిటికీ వైపు తిరిగాను.

సత్యవేడులో ఆఖరి కచేరీ. అరవం మాట్లాడే ఊళ్ళు పక్కనే కనుక, వచ్చినవాళ్ళలో సగం మందికి మా తెలుగు పాట అంతంత మాత్రంగానే తెలిసి ఉంటుంది. అయినా పాట ముగిశాక ఒక ముసలామె లేచి వచ్చి, అక్క చెంపలు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. నా చెవుల్లో ఇంకా దూది ఉంది, అదీ వినలేదు. తర్వాత అడిగితే అక్క ‘ఏమీ లేదులే’ అని తప్పించుకుంది. జనం వెళ్ళిపోయాక నాయన హార్మోనియం మెట్లను తుండుగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, మూత వేసి, పక్కన నేను తప్ప ఎవరూ లేరని చూసుకుని, నేను దూది తీసేదాకా ఆగి, అంతవరకు ఎవరినీ అడగనిది నన్ను అడిగారు.

“ఎట్ల ఉండాదిరా పాట?”

నేను రొమ్ము విరుచుకుని చెప్పాను. “నేను యాడా తప్పలేదు నాయనా.”

ఆయన తుండుగుడ్డ దులిపి మడిచారు. “తప్పలేదులే” అని భుజం తట్టి, పెట్టె ఎత్తమన్నారు.

మరుసటి వేసవికి అక్క పెళ్ళయి తిరుపతి వెళ్ళిపోయింది. మూడో లైను ఇంకొకరికి నేర్పడానికి నాయన ఒప్పుకోలేదు. ఆ పాట లేకుండానే ఆ ఏడు పర్యటన జరిగింది, ఆ తర్వాత పర్యటనే లేకుండా పోయింది, తర్వాత నాయనా లేకుండా పోయారు. బృందంలో వాళ్ళు కొందరు బెంగుళూరికి, కొందరు మద్రాసుకు, చివరికి అందరూ ఒకే ఊరికి. పొద్దున గడ్డం గీసుకుంటూ నేను ఆ పాట కూనిరాగం తీస్తే మా ఇంటావిడ, ఇదేం పాటయ్యా, బావిలోనించి ఎవురో పిలిచినట్లుండాది, అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. పైన ఉండవలసింది పైన ఉందిలే, అక్క దగ్గర, అనుకునేవాణ్ణి. నాయన జ్ఞాపకార్థం పెట్టిన కూడికలో ఒకసారి పాదిరిగారు మా ఇద్దరినీ ఆ పాట పాడమంటే, అక్క నన్ను పక్కకు పిలిచింది.

“ఇద్దరితో ఏమొస్తాదిరా? నాలుగు కాళ్ళ మంచానికి రెండు కాళ్ళు పెట్టి పండుకోమన్నట్ల. నీకు గ్యాపకం ఉండాదా?”

“ఉండాది.”

“నాకూ ఉండాది. ఇంగేమి.”

నిజమే, ఇంకేమి. పాట అక్క దగ్గర ఉందని నేను, నా దగ్గరా ఉందని అక్క, ఇద్దరం నిశ్చింతగా ముసలివాళ్ళమయ్యాం. నా దగ్గరున్నది పాట కాదని ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

తిరుపతిలో అక్క మంచం కిటికీ పక్కన వేశారు. నన్ను చూసి ఎడమ చెయ్యి చాపింది. మాట లేకపోయినా కళ్ళు పాత అక్కవే, నా బట్టతలను చూసి ఇప్పటికీ నవ్వే కళ్ళు. “నువ్వొస్తావని నిన్న చెప్పినాము మామా, పొద్దున్నే తల దువ్వించుకునింది సూడు” అన్నాడు మేనల్లుడు. మనవరాలు ఫోను దిండు పక్కన పెట్టింది. నేను నా బేసు అందుకున్నాను.

మొదటిసారి అక్క వింటూ ఉండిపోయింది. మళ్ళీ పాడితే పెదాలు కదిలాయి. ఇంకోసారి పాడేసరికి గొంతు వచ్చింది. బీటలు వారింది గానీ ఆ గొంతే. మేనల్లుడు గోడకు ఆనుకుని ఏడ్చేశాడు, వాళ్ళమ్మ గొంతు విని అతనికి ఏడాదయింది. మనవరాలు నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. ఆ గదిలో మా ఇద్దరికే తెలిసింది, అక్క పాడుతున్నది వరస కాదని. నా బేసే. నేను మెట్టు దిగితే ఆమె దిగుతోంది, నేను ఎక్కితే ఆమె ఎక్కుతోంది, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేవాళ్ళలా నా వెనకే వస్తోంది.

నేను ఆపితే తన దారి తాను పట్టుకుంటుందేమోనని ఆపాను. ఆమె కూడా ఆపి, ఏమైందన్నట్టు చూసింది. మళ్ళీ అందుకుంటే మళ్ళీ నా వెనకే. అప్పుడు నాకు నాయన గుర్తొచ్చారు. మందుల బల్ల మీద దూది కనిపించింది. రెండు ఉండలు చేసి, “కోప్పడొద్దక్కా” అని ఆమె చెవుల్లో పెట్టాను. నాయన లాగే చెయ్యి ఎత్తి, మొదలుపెట్టమని చూపించాను. అక్క నా పెదాలు కదలడం చూసింది, నా చెయ్యి చూసింది, ఎంతసేపు చూసినా ఆమె నుంచి చప్పుడు లేదు. తర్వాత ఎడమచేత్తో ఆ దూది ఉండలు ఒక్కొక్కటిగా తీసి, నా అరచెయ్యి తెరిచి, అందులో పెట్టి, నా వేళ్ళు మూసేసింది.

ఇక నేనేమీ చేయలేదు. మొదటి నుంచి ఇద్దరం నా బేసే పాడాం. మూడో లైను వచ్చింది. నేను నోరు మూశాను, అక్కా మూసింది. నేను వేళ్ళ మీద తాళం లెక్కపెడుతున్నాను, అక్క వేలు దుప్పటి మీద అదే తాళం వేస్తోంది. ఆమె అందుకుంటుందని నేను ఆమె ముఖం వైపు, నేను అందుకుంటానని ఆమె నా ముఖం వైపు చూస్తూ ఉన్నాం. అమ్మ పోయాక నాయనకు ఈ లోకంలో ఏది చాలనిపించిందో, అది ఆ చోటే ఉండేది. ఆ చోటు దాటిపోయింది. ‘అది చాలు ప్రభువా, అది చాలు’ అని ఇద్దరం కలిసి అందుకున్నాం.

తిరుగు బస్సులో మనవరాలు, నా బేసు మీద తానే ఒక వరస కడతానంది, మూడో లైనుకు మాటలు కూడా ఎవరిచేతనైనా రాయిస్తుందట. కట్టమన్నాను. బాగానే ఉంటుంది, పిల్లకు చెవి ఉంది. ఈ వేసవిలో ఆ ఊళ్ళన్నిటిలో అది పాడతారు, ముత్తాత పాటని చెబుతారు, జనం చప్పట్లు కొడతారు. వాళ్ళ పాట ఏదీ ఇక పోదు, మధ్యలో వచ్చిన దగ్గు కూడా పోకుండా ఫోనుల్లో ఉండిపోతుంది. మన రోజుల్లో పాట మనుషుల్లో ఉండేది, ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి నడిచి వచ్చేదని మన ఈడు వాళ్ళం నలుగురు కలిస్తే గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చాలా చోట్ల చెప్పాను. ఇక చెప్పను. మనిషి పోతే పాట ఎటు నడిచిపోతుందో ఆ తిరుపతి గదిలో చూసి వచ్చాను.

నిన్న ఒక్కణ్ణే కూర్చుని, పిల్ల తిరుపతిలో రికార్డు చేసి పంపించినది నా ఫోనులో పెట్టుకుని విన్నాను. రెండు ముసలి గొంతులు మెట్లు ఎక్కుతాయి, దిగుతాయి. మూడో లైను దగ్గర పంకా తిరిగే చప్పుడు, వీధిలో ఆకుకూరలామె కేక, దుప్పటి మీద వేలి తాళం, ఇంకేమీ లేదు. ఆ తర్వాత, సరిగ్గా అందుకోవలసిన చోట, ముందూ కాదు వెనకా కాదు, నా గొంతు వస్తుంది.

నేను యాడా తప్పలేదు నాయనా.